రోజూ గిటార్ ప్రాక్టీస్: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

గిటార్ మొదలుపెట్టినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: రోజుకి ఎంతసేపు వాయించాలి? అరగంట చాలంటారు ఒకరు, రెండు గంటలకి తగ్గితే దండగ అంటారు ఇంకొకరు. ఆ అరగంటలో ఏం చేస్తున్నారో, ఆ రెండు గంటల్లో ఏం చేస్తున్నారో మాత్రం ఇద్దరూ చెప్పరు. రెండు గంటలూ తనకి వచ్చిన నాలుగు పాటలే తిప్పి తిప్పి వాయించే మనిషి ఏడాది తర్వాత కూడా ఆ నాలుగు పాటలే వాయిస్తుంటాడు, కాస్త నునుపుగా.

అందుకే ఇక్కడ పోల్చే పద్ధతులన్నిటికీ నేను పెట్టే పరీక్ష వేరు. ఇవాళ సాధన చేసినది, రేపు గిటార్ ఒళ్లోకి తీసుకోగానే మొదటిసారికే ఎంత వస్తుంది? రాత్రి ఇరవయ్యోసారికి బ్రహ్మాండంగా వచ్చిందన్నది పెద్దగా లెక్కలోకి రాదు. అప్పటికి చెయ్యి వేడెక్కి ఉంది, కదలిక ఇంకా తాజాగా గుర్తుంది. ఎవరైనా "ఏదీ, ఒకటి వాయించు" అన్నప్పుడు మనకి ముందు పంతొమ్మిది అవకాశాలు ఎవరూ ఇవ్వరు.

ఈ పరీక్షకి పెద్ద ఏర్పాటేమీ అక్కర్లేదు. రోజూ మొదట, నిన్న సాధన చేసిన ముక్కని ఒక్కసారి వాయించి ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. వాయించేటప్పుడు చెవి చాలా తప్పుల్ని వదిలేస్తుంది, విన్నప్పుడు వదలదు. వేగం ఎంత, ఎక్కడ తడబడ్డారు అన్నది నోట్‌బుక్‌లో ఒక ముక్క రాసుకుంటే చాలు. చల్లగా ఉన్న చేతులతో పూర్తి వేగంలో విరుచుకుపడమని కాదు, పాట అసలు వేగంలో నాలుగింట మూడు వంతులు సరిపోతుంది.

ఒకేసారి కూర్చోవడమా, ముక్కలుగా వాయించడమా

రోజుకి ఒక గంట దొరికిందనుకోండి. ఒకే బైఠక్‌లో గంట వాయించవచ్చు, ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు వాయించవచ్చు. వారమంతా వదిలేసి ఆదివారం ఏడు గంటలు కూర్చోవడం మూడో దారి. మూడోదాని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. విడతలు విడతలుగా నేర్చుకున్నది ఎక్కువ కాలం నిలుస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే చూపించాడు, ఆ తర్వాత అది ఎన్నో రకాల నేర్పుల్లో నిజమని తేలింది. పైగా స్టీల్ తీగల మీద కొత్తవాళ్ల వేలికొనలు అంతసేపు తట్టుకోవు. వేళ్లు గట్టిపడటానికి కొన్ని వారాలు పడుతుంది, అది రోజూ కొంచెం వాయిస్తేనే జరుగుతుంది.

మొదటి రెండింటి మధ్య నిర్ణయం ఇంత తేలిక కాదు. పరీక్షలో గెలిచేది సాధారణంగా ముక్కలే. పొద్దున ఇరవై నిమిషాలు వాయించి సాయంత్రం మళ్లీ కూర్చుంటే, ఆ సాయంత్రపు మొదటి ప్రయత్నమే చిన్న పరీక్ష అవుతుంది. మర్చిపోయినదాన్ని వెతికి తెచ్చుకునే ఆ శ్రమలోనే పట్టు చిక్కుతుంది. నిద్ర కూడా పనిచేస్తుంది. వేళ్లతో ఒక వరుసలో మీటలు నొక్కడం నేర్పించి చేసిన ప్రయోగాల్లో, రాత్రి నిద్రపోయి లేచాక మళ్లీ సాధన చేయకుండానే వేగం పెరగడం కనిపించింది. అందుకని కష్టమైన ముక్కని పడుకునే ముందు ఒకసారి, పొద్దున్నే ఒకసారి ముట్టుకునే అలవాటు నాకు బాగా నచ్చుతుంది.

కానీ ముక్కలకి ఒక ఖర్చుంది. గిటార్ సంచీలో, సంచీ అలమారలో, ఆంప్ ఒక మూల, కేబుల్ ఇంకో మూల ఉంటే ఇరవై నిమిషాల్లో ఏడు నిమిషాలు సర్దుకోవడానికే పోతాయి. ముక్కల పద్ధతి ఎంచుకునేవాళ్లు ముందు గిటార్‌ని స్టాండ్ మీదికి, కళ్లెదుటికి తెచ్చుకోవాలి. అది కుదరని ఇంట్లో ఒకే గంట నయం. ఫింగర్‌స్టైల్‌లో (వేళ్లతోనే తీగలు మీటే పద్ధతి) నాలుగైదు నిమిషాల పొడుగు రచన నేర్చుకుంటున్నవాళ్లకీ, వేదిక మీద వరుసగా వాయించాల్సినవాళ్లకీ వారంలో ఒకటి రెండు పెద్ద బైఠక్‌లు తప్పవు. చివరి నిమిషంలో బార్ కార్డ్ (కార్డ్ అంటే కలిసి మోగే కొన్ని స్వరాలు, బార్ కార్డ్‌లో చూపుడువేలు తీగలకి అడ్డంగా పడుకుంటుంది) పట్టుకునే ఓపిక చిన్న ముక్కల్లో రాదు.

ఒకదాన్ని తేల్చేసి ముందుకెళ్లడమా, కలగలపడమా

అన్ని ఎంపికల్లోనూ తేడా బాగా కనిపించేది ఇక్కడే. చాలామంది తప్పువైపు మొగ్గేదీ ఇక్కడే, ఎందుకంటే మంచి పద్ధతి చేసేటప్పుడు చెడ్డగా అనిపిస్తుంది.

1979లో షే, మోర్గాన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. చేతిలో టెన్నిస్ బంతి పట్టుకుని, ఎదురుగా ఉన్న చిన్న అడ్డుపలకల్ని చెప్పిన వరుసలో త్వరగా పడగొట్టాలి. అలాంటి వరుసలు మూడు. ఒక జట్టు మొదటి వరుసని పూర్తిగా సాధన చేశాక రెండోది, ఆ తర్వాత మూడోది చేసింది. రెండో జట్టు మూడింటినీ కలగాపులగంగా చేసింది. సాధన జరుగుతున్నంతసేపూ మొదటి జట్టుదే పైచేయి. పది నిమిషాల తర్వాత, మళ్లీ పది రోజుల తర్వాత పరీక్షిస్తే రెండో జట్టు ముందుంది.

దీన్ని గిటార్‌కి తెచ్చుకుందాం. మీ దగ్గర మూడు పనులున్నాయి: సీ కార్డ్ నుంచి ఎఫ్ కార్డ్‌కి మారడం, ఏ మైనర్ పెంటటోనిక్ అనే ఐదు స్వరాల స్కేల్‌లో ఒక చిన్న లిక్ (స్వరాల ముక్క), కుడిచేత్తో ఒక ఫింగర్‌పికింగ్ నమూనా. మొదటి పద్ధతిలో ఒక్కోదానికీ వరుసగా తొమ్మిది నిమిషాలు. రెండో పద్ధతిలో ఒక్కోదానికీ మూడేసి నిమిషాలు, అలా మూడు చుట్లు. మొత్తం సమయం ఒకటే. మొదటి పద్ధతిలో నాలుగో నిమిషం దాటాక చెయ్యి తనంతట తాను తిరుగుతుంది, మనసు ఎక్కడో ఉంటుంది. రెండో పద్ధతిలో చుట్టు మారిన ప్రతిసారీ "ఇది ఎక్కడ మొదలు, మధ్యవేలు ఎక్కడ" అని మళ్లీ గుర్తుచేసుకోవాలి. అది విసుగు తెప్పిస్తుంది, నిన్న వచ్చింది ఇవాళ పోయిందని టెన్షన్ కూడా పెడుతుంది. రెండు వారాలు ఓర్చుకుని నోట్‌బుక్ చూసుకుంటే విషయం అర్థమవుతుంది.

అయితే కలగలపడం అన్నివేళలా సరికాదు. వేళ్లు ఎక్కడ పెట్టాలో కూడా ఇంకా తెలియని కొత్త కార్డ్‌ని మూడు నిమిషాలకి ఒకసారి వదిలేస్తే దాని ఆకారమే చేతికి రాదు. కాబట్టి కొత్తది మొదటి ఒకటి రెండు రోజులు విడిగా, ప్రశాంతంగా. చూడకుండా పట్టుకోగలిగిన రోజు నుంచి అది కలగలుపులోకి వెళ్లాలి. ఎప్పుడూ విడిగానే చేసేవాళ్లు గది దాటలేరు, మొదటి రోజు నుంచీ కలిపేసేవాళ్లు తప్పు వేళ్లనే బాగా నేర్చుకుంటారు.

పాటలో కష్టమైన రెండు బార్లని (ఇక్కడ బార్ అంటే లయలో ఒక చుట్టు) లూప్ చేసే అలవాటుకీ ఇదే జాగ్రత్త కావాలి. ఆ రెండు బార్లూ బాగా వస్తాయి, పాట మధ్యలోంచి వాటిలోకి దిగేచోట మాత్రం బోర్లాపడతాం. లూప్‌ని ముందు బార్ చివరి బీట్ నుంచి మొదలుపెట్టి, తర్వాతి బార్ మొదటి బీట్ దాకా తీసుకెళ్తే ఆ అతుకు కూడా సాధనలోకి వస్తుంది.

ఎక్సర్‌సైజులు ముందా, పాట ముందా

నాలుగు వేళ్లతో 1-2-3-4 ఫ్రెట్లు (గిటార్ మెడ మీద లోహపు గీతల మధ్య గడులు), ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా. దాన్నే స్పైడర్ అంటారు, వార్మప్ అంటారు. అందరి ప్రాక్టీస్ పట్టికలోనూ ఇది మొదట ఉంటుంది, చాలామందికి సగం సమయం తినేస్తుంది. ఇది నేర్పేవి రెండు: వేళ్లు విడివిడిగా కదలడం, పిక్ (తీగలు మీటే చిన్న పలక) పడే క్షణమూ వేలు నొక్కే క్షణమూ కలవడం. కార్డ్ మార్పు దీనితో రాదు. స్ట్రమ్మింగ్ (తీగలన్నిటినీ కలిపి మీటడం) రాదు, చెవి పదునెక్కదు. పాటల్లో ఆరు తీగల మీదా 1-2-3-4 అని నడిచే చోటు దాదాపు ఉండదు. ఐదు నిమిషాలు సరే, అరగంట నాకు వృథా అనిపిస్తుంది.

రెండో దారి పాటతో మొదలుపెట్టడం. పాటలో ఎక్కడ ఆగిపోతున్నామో అక్కడే కత్తిరించి, ఆ ముక్కనే ఎక్సర్‌సైజుగా మార్చుకోవడం. సీ నుంచి ఎఫ్ బార్ కార్డ్‌కి మారడమే తీసుకోండి, కొత్తవాళ్లలో ఎక్కువమంది ఆగిపోయే చోటు ఇదే. సీలో ఉంగరపు వేలు ఐదో తీగ మూడో ఫ్రెట్ మీద ఉంటుంది. ఎఫ్ బార్ కార్డ్‌లో కూడా ఆ వేలు అక్కడే ఉండాలి. చూపుడువేలు సీలో రెండో తీగ ఒకటో ఫ్రెట్ మీద ఉంది, ఎఫ్‌లో అదే ఫ్రెట్ మీద ఆరు తీగలకీ అడ్డంగా పడుకుంటే చాలు. మధ్యవేలు నాలుగో తీగ నుంచి మూడో తీగకి దిగుతుంది, చిటికెనవేలు నాలుగో తీగ మూడో ఫ్రెట్ మీదికి కొత్తగా వస్తుంది. అంటే చెయ్యి మొత్తం ఎత్తి మళ్లీ కట్టాల్సిన పనే లేదు, ఉంగరపు వేలు ఇరుసులా ఉండిపోతుంది. ఈ సంగతి గమనించి ఒక నిమిషం టైమర్ పెట్టుకుని శుభ్రంగా ఎన్ని మార్పులు వచ్చాయో లెక్కపెడితే, అది ఏ స్పైడర్ కన్నా విలువైన ఎక్సర్‌సైజు. పాట ముందు పెట్టుకోవడంలో లాభం ఇదే, ఏ ఎక్సర్‌సైజు కావాలో పాటే చెబుతుంది.

అలాగని ఎక్సర్‌సైజు ముందు అనేవాళ్ల మాట కొట్టిపారేసేది కాదు. క్లాసికల్ గిటార్‌లో కుడిచేతి పని అంతా ఎక్సర్‌సైజుల పునాది మీదే నిలబడుతుంది. ఇటలీకి చెందిన మౌరో జూలియాని 1812లో ప్రచురించిన 120 కుడిచేతి ఎక్సర్‌సైజులు ఇప్పటికీ వాడుతున్నారు. వాటిలో ఎడమచేతికి ఉన్నవి సీ, జీ7 అనే రెండు కార్డులే, ధ్యాసంతా కుడిచేతి బొటనవేలు, చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ల మీదే ఉండాలని. మంచి ఎక్సర్‌సైజు లక్షణం అదే: ఒకదాన్ని తప్ప మిగిలినవన్నీ తేలిక చేసేస్తుంది. మెటల్, ఫాస్ట్ లీడ్ (వేగమైన సోలోలు) వాయించాలనుకునేవాళ్లకి కూడా ఆల్టర్నేట్ పికింగ్ (పిక్‌ని ఒకసారి కిందికి, ఒకసారి పైకి కొట్టడం) కోసం రోజూ కొంత విడిగా కేటాయించక తప్పదు.

పెద్ద వాద్యకారుల పట్టికల్ని నకలు చేయడం మాత్రం వద్దనే చెబుతాను. రాక్ గిటారిస్ట్ స్టీవ్ వై పది గంటల ప్రాక్టీస్ పట్టిక 1990లో ఒక అమెరికన్ గిటార్ పత్రికలో అచ్చయింది, ఇప్పటికీ చేతులు మారుతూనే ఉంది. అది ఆయన స్థాయికీ, ఆయన రోజుకీ సరిపోయిన పట్టిక. ఆఫీసు నుంచి వచ్చి గిటార్ పట్టుకునే మనిషికి దాంతో మిగిలేది అపరాధ భావం.

మెట్రోనోమా, బ్యాకింగ్ ట్రాకా, అసలు పాటా

మెట్రోనోమ్ అంటే సమాన వేగంతో క్లిక్‌లు కొట్టే పరికరం. దానికి దయ ఉండదు, దాని విలువా అదే. కార్డ్ మారేచోట మీరు తీసుకుంటున్న అర బీట్ ఆలస్యం దాని ముందు దాగదు. బ్యాకింగ్ ట్రాక్‌లో (మన గిటార్ లేకుండా మిగతా వాద్యాలు మోగే రికార్డింగ్) డ్రమ్స్, బేస్ ఆ ఆలస్యాన్ని కప్పేస్తాయి, బాగా వాయిస్తున్నామనిపిస్తుంది. అందుకే మార్పులు సరిచేసుకునే దశలో మెట్రోనోమ్, సొంతంగా లిక్‌లు అల్లుకునే సాధనలో బ్యాకింగ్ ట్రాక్. మూడో దారి అసలు రికార్డింగ్‌తో కలిసి వాయించడం. యూట్యూబ్‌లో వేగం 0.75 పెడితే శృతి మారకుండానే 120 బీపీఎం (నిమిషానికి 120 బీట్లు) పాట 90కి దిగుతుంది. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు, గిటార్ ఎక్కడ ఆగింది అన్నది ఇలాగే తెలుస్తుంది, మెట్రోనోమ్ నేర్పలేదు.

మెట్రోనోమ్ వాడేవాళ్లలో కూడా రెండు వర్గాలున్నాయి. మొదటివాళ్లు మెట్లెక్కుతారు: 60 దగ్గర వరుసగా మూడుసార్లు శుభ్రంగా వస్తే 64, తర్వాత 68. కార్డ్ మార్పులకీ, స్ట్రమ్మింగ్‌కీ ఇది బాగా పనిచేస్తుంది. వేగమైన లీడ్‌కి ఒక దశ తర్వాత ఇది మొండికేస్తుంది. నెమ్మదిగా వాయించేటప్పటి చెయ్యి కదలిక వేరు, వేగంగా వాయించేటప్పటిది వేరు. నెమ్మదిలో పిక్‌ని పెద్దగా ఊపినా సాగిపోతుంది, 140 దగ్గర సాగదు. అక్కడ రెండోవర్గం పద్ధతి మేలు: నాలుగైదు స్వరాలు మాత్రమే తీసుకుని పూర్తి వేగంలో ఒక్క ఉదుటున వాయించి, ఆగి, చేతిని వదులు చేసి, మళ్లీ వాయించడం. బిగుసుకోకుండా వస్తే ఇంకో రెండు స్వరాలు కలపాలి. ఎక్కడైతే మెట్లు ఎక్కడం రోజుల తరబడి ఒకే అంకె దగ్గర ఆగిందో అక్కడ దీనికి మారండి.

లయ గట్టిపడాలంటే ఇంకో చిట్కా ఉంది. 80లో వాయించాల్సినదానికి మెట్రోనోమ్‌ని 40 దగ్గర పెట్టి, ఆ క్లిక్‌లు రెండో బీట్, నాలుగో బీట్ అనుకోండి. ఒకటో బీట్, మూడో బీట్ మీరే మోయాలి. మొదట్లో చికాకుగా ఉంటుంది.

టైమరా, లక్ష్యమా, రోజూ ఒకటేనా, మార్చుకోవాలా

ఇవి రెండూ త్వరగా తేలిపోయేవే. ఒకే చోట చిక్కుకుని గంట గడిపేసే స్వభావం ఉన్నవాళ్లకి టైమర్ కావాలి. గిటార్ పట్టుకుని అదీ ఇదీ తిప్పుతూ కూర్చునేవాళ్లకి లక్ష్యం కావాలి. "పదిహేను నిమిషాలు స్కేల్స్" అనేది లక్ష్యం కాదు. "ఐదో ఫ్రెట్ దగ్గర ఏ మైనర్ పెంటటోనిక్, 70 బీపీఎం, ఒక్కో బీట్‌కి రెండు స్వరాలు, ఎక్కి దిగేదాకా ఆగకుండా" అంటే లక్ష్యం. అయిందో లేదో ఎవరిని అడగక్కర్లేదు.

రోజుకి గంట పైన దొరికేవాళ్లు రోజూ అన్నీ ముట్టుకోవచ్చు. అరగంట లోపు దొరికేవాళ్లు టెక్నిక్, పాట, రిథమ్, చెవి, ఫ్రెట్‌బోర్డ్ అన్నీ రోజూ చేయాలనుకుంటే ఒక్కోదానికీ ఆరు నిమిషాలు కూడా రావు. వాళ్లు పాటని మాత్రం రోజూ ఉంచుకుని, మిగిలినవాటిని రోజు విడిచి రోజు మార్చుకోవడం మంచిది.

మరి మీకు ఏది?

మొదటి ఆరు నెలల్లో ఉన్నవాళ్లకి నా సలహా: రోజుకి రెండుసార్లు, పదిహేనేసి నిమిషాలు, పాట ముందు. మొదటి రెండు నిమిషాలు ట్యూనింగ్‌కీ నిన్నటి ముక్క ఒక్కసారి వాయించడానికీ. తర్వాత పది నిమిషాలు పాటలోంచి తీసిన రెండు మార్పులు, రెండేసి నిమిషాల చొప్పున మార్చి మార్చి. చివరి మూడు నిమిషాలు పాట మొదటి నుంచి చివరిదాకా, తప్పు వచ్చినా ఆగకుండా. ఆగకుండా అన్నది ముఖ్యం. తప్పు దగ్గర ఆగి సరిచేసుకోవడం ఒక పని, లయ వదలకుండా ముందుకెళ్లడం ఇంకో పని. రెండోది సాధన చేయనివాళ్లు నలుగురిలో వాయించలేరు. స్కేల్స్ ఇప్పుడే అక్కర్లేదు.

రెండు మూడేళ్లుగా వాయిస్తూ ఒకేచోట ఆగిపోయినవాళ్లకి కలగలుపు మీదే పందెం కాయమంటాను. వాళ్లకి కొత్త ఎక్సర్‌సైజుల అవసరం లేదు, ఉన్నవాటిని విడదీసి చేసే అలవాటు మారాలి. దానికి తోడు చెవి పని: చిన్న పాట వాక్యం విని, ట్యాబ్ (ఏ తీగ, ఏ ఫ్రెట్ అని అంకెల్లో రాసిన కాగితం) చూడకుండా తీగల మీద వెతుక్కోవడం. రోజూ పది నిమిషాలు ఇది చేస్తే ఫ్రెట్‌బోర్డ్ కూడా దానంతటదే పరిచయమవుతుంది. ఆరో తీగ మీద మూడో ఫ్రెట్ జీ, ఐదో ఫ్రెట్ ఏ, ఎనిమిదో ఫ్రెట్ సీ అని బట్టీ పట్టడం కన్నా ఈ దారిన వచ్చిన జ్ఞాపకం గట్టిది.

క్లాసికల్ వైపు వెళ్లేవాళ్లు పావువంతు సమయం ఎక్సర్‌సైజులకి పెట్టినా తప్పులేదు. లీడ్ వాయించేవాళ్లు చిన్న ఉదుటుల పద్ధతిని సాధన మొదట్లోనే, చెయ్యి అలసిపోకముందే పెట్టుకోవాలి, చివర్లో పెట్టుకుంటే బిగువే నేర్చుకుంటారు.

ఏ పద్ధతి ఎంచుకున్నా ఒక విషయం ముందే చూసుకోండి. వేలికొనల మంట మామూలే. మణికట్టు నొప్పి, ముంజేతిలో లాగడం, వేళ్లు తిమ్మిరెక్కడం మామూలు కాదు, అవి వస్తే ఆ రోజుకి ఆపేయాలి, తగ్గకుండా ఉంటే డాక్టర్‌కి చూపించాలి. చాలాసార్లు తీగలు ఫ్రెట్‌బోర్డ్‌కి మరీ ఎత్తుగా ఉండటం కూడా కారణమే. రెండో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే బిగింపు) పెట్టి ఎఫ్ ఆకారం పట్టి చూడండి. ఒక్కసారిగా తేలికైతే నట్ (మెడ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీ) దగ్గర తీగలు ఎత్తుగా ఉన్నాయేమో గిటార్ బాగుచేసేవాళ్లకి చూపించడం మంచిది, అది పట్టిక మార్చితే పోయే ఇబ్బంది కాదు.

పట్టికని రెండు వారాల లోపు మార్చకండి. రెండు వారాల తర్వాత కూడా నోట్‌బుక్‌లో మొదటి ప్రయత్నం మెరుగుపడకపోతే ఒక్కటే మార్చండి: సమయమో, వరుసో, వేగమో. మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మూడు రోజులు వరుసగా మొదటిసారికే శుభ్రంగా వచ్చిన పాటని రోజువారీ పట్టికలోంచి తీసేసి, వారానికి ఒకసారి వాయించే జాబితాలో వేయండి, ఆ ఖాళీలోకి కొత్త పాట వస్తుంది. ఇక ఐదు నిమిషాలే దొరికిన రోజున పాటంతా ఒకసారి వాయించేసి లేచిపోవాలనిపిస్తుంది. అలా కాకుండా అందులో చెయ్యి ఆగుతున్న ఆ ఒక్క మార్పుని తీసుకుని ఐదు నిమిషాలూ దానికే ఇవ్వండి.